నాన్న కారుకి కొత్త మీటర్లు

తమ్ముడి సంచీ సర్దడం అక్కకి అది మూడోసారి. సర్దిన ప్రతిసారీ ఏదో తక్కువైందని మొత్తం మంచం మీద కుమ్మరిస్తోంది. నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు, బీపీ మాత్రలు, ఒక మఫ్లరు, ఇంకో మఫ్లరు. ఉన్నది ఒక్క మెడే కదా అని తమ్ముడు గుమ్మంలోంచి అంటే, ఒకటి పోతేనో అంది.

తమ్ముడికి అరవై రెండు. ముప్ఫయ్యేళ్ళు ప్లంబరుగా చేసి మానేశాడు, పెళ్ళి ఊసెత్తలేదు. అక్క భర్త పోయినప్పటినుంచీ ఇద్దరూ ఒకరికొకరై ఆ ఇంట్లోనే ఉన్నారు. ఏడాదిగా కొండల అవతల ఊళ్ళో ఉన్న ఒక టైలరమ్మతో ఫోన్లో కబుర్లు సాగుతున్నాయి. పదిహేను రోజులు ఆ ఊరు చూసొస్తానని బయల్దేరుతున్నాడు, అదీ నాన్న నడిపిన పాత కారులో. ఊరు చూడ్డానికి వెళ్ళే మనిషి అద్దం ముందు పావుగంట మీసం దువ్వుకుంటే ఏమనుకోవాలి? వెళ్తే ఉండిపోతాడేమోనని అక్క గుండెల్లో రాయి పడింది. ఆ మాట పైకి అనలేక నెపం కారు మీద పెట్టింది.

ఆ కారులో ఇంజను వేడెక్కిందని చెప్పడానికి ఉన్నది ఒక్క ఎర్రలైటు. అది వెలిగేసరికి బానెట్లోంచి ఆవిరి కూడా లేస్తుంది. ముందే చెప్పే మీటరు పెట్టుకుంటే తప్ప గడప దాటనని మాటిమ్మంది. ఇచ్చాడు. ఇచ్చి, ఒకటి అడిగితే మూడు పట్టుకొచ్చాడు: నీళ్ళ వేడికి ఒకటి, ఆయిలు ప్రెషరుకి ఒకటి, బ్యాటరీకి ఒకటి. నల్లటి ముఖాలు, చుట్టూ తళతళలాడే అంచులు.

చేతికి దొరికిన కాగితమల్లా మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవడం అక్క అలవాటు. తమ్ముడికి బొమ్మలు చాలు. బిగించేముందు వేడి మీటరుని మరిగే నీళ్ళతో పరీక్షించుకోమని డబ్బాలో కాగితం చెప్పిందంది. వెంటనే కారు బ్యాటరీ వంటింట్లోకొచ్చింది. బొటనవేలంత ఇత్తడి సెన్సరు గిన్నెలో మునిగింది. దాని తలకి ఒక తీగ, ఒంటికి ఇంకో తీగ. ఆ రెండోదాన్ని అక్క పటకారుతో అదిమిపట్టి నిలబడింది. ముల్లు నలభై, అరవై, ఎనభై. నీళ్ళు తెర్లేసరికి సరిగ్గా వంద. తమ్ముడు గరిటె పట్టుకుని గంతేశాడు. అక్కకి నవ్వాగక గట్టు పట్టుకుంది. చల్లార్చి మళ్ళీ కాచారు. మూడోసారి పక్కింటావిడని పిలిచి మరీ చూపించారు. ఆవిడ గిన్నెలోకి తొంగిచూసి, ఇది ఉడకడానికి ఇంకా ఎంతసేపు పడుతుందని అడిగింది.

మర్నాడంతా తమ్ముడు కాళ్ళు కారు బయట, తల డ్యాష్‌బోర్డు కింద. అక్క టార్చి పట్టుకుని సలహాలిచ్చింది. సాయంత్రం ఇంజను స్టార్టు చేస్తే ఆయిలు ముల్లు ఎగిరి కూర్చుంది, బ్యాటరీ ముల్లు బుద్ధిగా నిలబడింది. వేడి ముల్లు కదల్లేదు. పావుగంటైనా అంతే. రేడియేటరు మీద చెయ్యి పెడితే చుర్రుమంటోంది.

తమ్ముడి ముఖం వాడిపోయింది. లోపల తీగ తెగిందేమో, కొత్తది తెప్పించాలంటే నెల పడుతుందన్నాడు. మాట మాటే కనక టైలరమ్మకి రానని చెప్పేస్తానన్నాడు. ఆవిడ ఇంక పిలుస్తుందో లేదో అని కూడా అన్నాడు.

ముల్లెందుకు లేవలేదో అక్కకి తెలుసు. మరలున్నది ఏది చేతికొచ్చినా నీళ్ళు కారకుండా తెల్ల టేపు చుట్టకపోతే తమ్ముడికి తోచదు. సెన్సరుకీ ఏడు చుట్లు చుట్టి ఇంజనుకి బిగించాడు, చుక్క కారితే చెవి కోసుకుంటానంటూ. అలా చెయ్యొద్దని కాగితంలో లావు అక్షరాల్లో ఉంది. వంటింట్లో రెండో తీగ చేసిన పని కారులో ఆ మరలే చెయ్యాలి. సెన్సరు ఇత్తడి నేరుగా ఇంజను ఇనుముకి తగలాలి. టేపు మధ్యలో కరెంటుకి అడ్డుపడింది.

నోరు మూసుకుంటే చాలు. లోపలికెళ్ళి సంచీలోంచి చొక్కాలు తీసి బీరువాలో పెట్టింది. మాత్రలూ తీసింది. కిటికీలోంచి చూస్తే, తమ్ముడు ఆ పనిచెయ్యని మీటరు అద్దాన్నే చొక్కా కొసతో తుడుస్తున్నాడు. తుడిచి, కాస్త వెనక్కి జరిగి, మళ్ళీ తుడుస్తున్నాడు. అక్క బయటికొచ్చింది.

"ఒరేయ్, ఆ టేపు విప్పెయ్."

"ఏ టేపు?"

"పసిపిల్లకి పొత్తిగుడ్డలు చుట్టినట్టు చుట్టావే, అది. ఒట్టి ఇత్తడి బిగించు, ముల్లు లేస్తుంది."

"కారుతుందక్కా."

"కారితే కారనీ, తుడుచుకుంటాం."

తమ్ముడు బుర్ర గోక్కున్నాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు చుట్టేటప్పుడే."

"చెప్పకపోతే నేను వెళ్ళేవాణ్ణి కాదుగా."

"అందుకే ఇంతసేపు పట్టింది," అంది అక్క.

ఇంజను చల్లారాక టేపు గోకి తీసి బిగించాడు. చుక్క కారలేదు. ముల్లు లేచింది. ఇంక ఇద్దరికీ పట్టపగ్గాల్లేవు. పేటలోని వీధులన్నీ నాలుగు చుట్లు తిరిగారు. అక్క ముందు సీట్లో కూర్చుని బస్సు కండక్టరులా అంకెలు అరుస్తోంది. డెబ్భై ఎనిమిది, ఎనభై, ఎనభై రెండు, మళ్ళీ ఎనభై. కూడలిలో ఆపితే అద్దం దించి, ఆయిలు ప్రెషరెంతో ట్రాఫిక్ పోలీసుకి కూడా చెప్పింది. ఆయన చాలా సంతోషమమ్మా, ముందు కదలండి అన్నాడు. నవ్వి నవ్వి తమ్ముడికి రోడ్డు కనబడక కారు పక్కకి ఆపుకోవలసి వచ్చింది.

పొద్దున్న ఏడింటికి బయల్దేరాడు. సాయంత్రానికి క్షేమంగా చేరానని ఫోన్ చేశాడు. రెండు నెలలకి టైలరమ్మని పెళ్ళి చేసుకుని అక్కడే ఇల్లు తీసుకున్నాడు. తమ్ముడు వెళ్ళింది మార్చి తొమ్మిది, గురువారం. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.