తేటనీళ్లు

ఆనకట్ట దిగువన ఊటకాలువ దగ్గర నిలబడి, గాజుగ్లాసులో నీళ్లు పట్టి ఎండకెత్తి చూడడం కాపలాదారు పొద్దుటిపని. అందుకే అందరికీ ఆయన గ్లాసాయన. మట్టికట్ట అన్నాక కాస్త ఊట తప్పదు. తేటగా వస్తే భయం లేదు. మడ్డిగా వస్తే మాత్రం కట్టను నీళ్లు లోలోపలే తినేస్తున్నట్టు లెక్క. ఆ ఏడు ఊట ఎప్పుడూ లేనంత తేటగా వస్తోంది. పైగా వరస కరువుల తర్వాత జలాశయం నిండింది. దిగువ పట్నంలో కాపురముంటున్న కూతురు, కుళాయి రోజూ వస్తోందని ఫోనులో చెప్పినప్పుడల్లా, ఆ నీళ్లేవో తన జేబులోంచి తీసి పంచుతున్నట్టు ఆయన పొంగిపోయేవాడు.

ఆ రోజు గ్లాసు కడుక్కుని ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మడిపాదుకి మట్టి ఎగదోస్తోంది. మట్టి నల్లగా, జిగురుగా ఉంది. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఎర్రమట్టే.

"ఎక్కడిదే ఇది?"

"ఊటదే. వానలప్పుడు మనం తాగే ఈ కాలువ నీళ్లు మురిగ్గా ఉన్నాయని, పైన ఊట పుట్టేచోట కట్ట మొదట్లో గుంట తవ్వి ఇసకా రాళ్లూ పరిచాను. మడ్డంతా అక్కడే ఆగిపోతుంది. మోకాళ్లనొప్పులని మీరు అంతదూరం ఎక్కరు, మీకేం తెలుస్తుంది?" అంది నవ్వుతూ. "మొదట్లో దోసెడొచ్చేది. ఇప్పుడు ఎత్తిపోయలేక చస్తున్నా. కాయ ఎలా ఊరిందో చూడండి."

ఆయన పిడికెడు మట్టి తీసి నలిపాడు. ఆ మట్టిని ఆయన చేతులు మరిచిపోలేదు. వయసులో ఉండగా కట్ట నడుమ దాన్నే పొరలుపొరలుగా పరిచి, తడిపి, దిమ్మిసతో కొట్టిన కూలీల్లో ఆయనొకడు. నీళ్లను ఆపేది ఆ నల్లమట్టి గోడే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగకే తను దొంగనని తెలియదు పాపం. ఆయన పాదు పక్కనే కూలబడ్డాడు.

"కొంప మునిగిందే," అన్నాడు మెల్లగా. "నువ్వు పాదుకి పోసింది కట్టని."

కబురందుకుని వచ్చిన ఇంజనీరు ఆ గుంట పూడ్పించి, ఊటను నేరుగా వదిలించి చూశాడు. నీళ్లు నల్లగా వచ్చాయి. ఆయన ఒక్కమాటా తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "మొదట్లోనే తెలిసుంటే కంకరేసి ఆపేవాళ్లం. ఇప్పుడిక జలాశయం ఖాళీ చెయ్యడమే," అన్నాడు. ఏటి ఒడ్డున ఎవరూ ఉండొద్దని దిగువకంతా చెప్పించి, గేట్లన్నీ ఎత్తించాడు. రాబోయే ఎండాకాలం మొత్తానికి దాచిన నీళ్లు సముద్రం దారి పట్టాయి.

సాయంత్రం కూతురు ఫోను చేసింది.

"నాన్నా, ఏరు ఒడ్డులొరిసి పారుతోంది. మేడమీంచి చూస్తున్నాం. నీ కట్ట పొంగిపోయిందేమిటి? ఇంక ఈ ఏడు నీళ్లకి దిగులు లేదు కదూ?"

"ఊఁ," అని ఫోను పెట్టేశాడు.

బయటికొచ్చి చూస్తే గుమ్మడిపాదు వేళ్లతో సహా పీకేసి ఉంది. నల్లమట్టి గంప నెత్తిన పెట్టుకుని భార్య కట్టవైపు వెళ్తోంది. వద్దని చెప్పడానికి ఆయనకు మనసొప్పలేదు. మిగిలిన మట్టి ఇంకో గంపకెత్తుకుని, మోకాళ్లు పట్టుకుంటూ, ఆమె వెనకే ఎక్కడం మొదలుపెట్టాడు.