ఏది ఆరింది?

మందుల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ 'కంగారు' అంటారు. జంతువుని తలుచుకుని పెట్టిన పేరు కాదు గానీ, గెంతడంలో దానికేమీ తీసిపోడు. అలాంటి మనిషికి ఏ మహానుభావుడో గానీ, ఫ్యాక్టరీ మొత్తానికీ నిదానమైన యంత్రాన్ని అప్పగించాడు. అందులో పాముకాటు మందు సీసాలను గడ్డకట్టించి, చుట్టూ ఉన్న గాలంతా పంపుతో లాగేసి, అరలకు కొద్దికొద్దిగా వేడి ఇవ్వాలి. అప్పుడు మంచు నీరు కాకుండానే ఆవిరైపోయి, మందు తెల్లటి బిళ్లలా మిగులుతుంది. తొందరపడి వేడి పెంచామో, మంచు కరిగి మందంతా చతికిలబడుతుంది.

పోయిన విడతలో కంగారు చేసిన ఘనకార్యం అదే. సీసాలన్నీ పారబోశారు. సూపర్‌వైజరమ్మ కేకలు వెయ్యలేదు. అందుకే అతనికి ఇంకా భయమేసింది.

"ఈసారి కంట్రోల్ గదిలో కుర్చీ దిగకూడదు. దిగావంటే మళ్లీ మూతలు బిగించే గదికే," అంది.

మూతల గదిలో ఏళ్లు గడిపి ఈ యంత్రం దాకా వచ్చినవాడాయె. గుండెల్లో రాయి పడింది.

యంత్రం ఎదురుగదిలో ఉంది. దాని దీపాలూ, పీడనం ముల్లూ కనిపెట్టి ఫోన్‌లో చెప్పడానికి అతని బావమరిదిని పెట్టారు. మీటలు నొక్కడం కంగారు పని. పొద్దుటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరగాల్సిన మనిషి ముళ్లమీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"బావా, ఆరింది!"

"అప్పుడేనా? పూర్తిగా?"

"పూర్తిగా ఆరిపోయింది బావా! ఏం చెయ్యమంటావ్?"

కంగారుకు ప్రాణం లేచొచ్చింది. మందు ఆరితే చెయ్యాల్సింది ఒకటే, లోపలికి గాలి వదలడం. చెయ్యి ఆ మీట మీదికి వెళ్లింది. నిదానస్తుడైతే నొక్కేసి ఒళ్లు విరుచుకునేవాడు. ఇతను మాత్రం ఆ తెల్లటి బిళ్లల్ని కళ్లారా చూడకుండా ఉండలేకపోయాడు. సూపర్‌వైజరమ్మ మాట అతనికి గుర్తొచ్చింది గానీ, కాళ్లకు గుర్తురాలేదు.

ఎదురుగదికి పరిగెత్తి యంత్రం తలుపు అద్దంలోంచి చూస్తే సీసాల అడుగున ఇంకా మంచు మెరుస్తోంది.

"ఏదిరా ఆరింది?"

"దీపం బావా! పంపు మీది పచ్చ దీపం. పంపు చప్పుడు కూడా లేదు."

గాలి వదిలి ఉంటే ఈ విడత కూడా మట్టిగొట్టుకుపోయేది. కంగారు తిట్టడానికి కూడా ఆగలేదు. పంపు గొట్టం మూశాడు, కంట్రోల్ గదికి పరిగెత్తి వేడి ఆపాడు, మళ్లీ యంత్రం దగ్గరికి పరిగెత్తి రెండో పంపు నడిపించి గొట్టం తెరిచాడు. ముల్లు కాస్త పైకి పాకి, వణికి, మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో సూపర్‌వైజరమ్మ.

"కుర్చీ దిగావు."

"దిగాను మేడమ్."

బావమరిది అడ్డుపడి, దీపం సంగతితో సహా గడగడా చెప్పేశాడు. ఆమె అద్దంలోకి వంగి చూసింది. కంట్రోల్ గదిలోకి వెళ్లి, ఆ కుర్చీని తనే ఈడ్చుకొచ్చి యంత్రం ముందు వేసింది.

"ఇక నీ చోటు ఇదే. మీటల దగ్గర మీ బావమరిదిని పెట్టు. ఇద్దరూ ఏది ఆరిందో పేరుపెట్టి చెప్పుకోండి."

కంగారుకు సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. సాయంత్రానికి మందు నిజంగానే ఆరింది, ఒక్క సీసా కూడా చతికిలబడలేదు. అప్పటిదాకా ఆ కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోలేదు.