ఊ హ్మైన్ ఏనుగులు

ఇంగ్లీషువాళ్లు బర్మా రాజును ఓడెక్కించి తీసుకుపోయాక మాండలేలో వెండిపని అడిగే నాథుడు లేకుండాపోయాడు. కోటకు తమలపాకుల పెట్టెలు చేసిన ఊ హ్మైన్ కొన్నాళ్లు చెవిపోగులకు అతుకులు వేసి బతికాడు. తర్వాత తెల్లవాళ్ల బేరాలు మొదలయ్యాయి. ప్రాణం తోడేసే బేరాలు.

తెల్ల సిపాయిల దండులో ఉండే ఒక దొరసాని వెండి టీ కెటిల్ కావాలంది. దాని మీద ఏదైనా కథ చెక్కమంది. ఊ హ్మైన్ సంబరపడ్డాడు. బుద్ధుడు పూర్వజన్మలో వేస్సంతర రాజుగా ఉన్నప్పుడు అడవిలో తన బిడ్డలిద్దరినీ ముసలి బ్రాహ్మణుడికి దానమిచ్చే ఘట్టం ఎత్తుకున్నాడు. లోపల లక్క నింపి, వారాల తరబడి ఉలి పట్టి, పిల్లలు తండ్రి వంక చూసే చూపు కూడా తెప్పించాడు.

దొరసాని వచ్చి బొమ్మలు ఉబికి రాలేదంది. రేకు చిరుగుతుందన్నా వినలేదు. మళ్లీ కాల్చాడు, మళ్లీ కొట్టాడు. ఈసారి వచ్చి టీ పోసే కొమ్ము ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. సరిగ్గా పిల్లలున్న చోటే.

"ఈ చిన్నవాళ్లు తీసెయ్యి" అంది, వచ్చీరాని బర్మా భాషలో.

"పిల్లల్ని తీసేస్తే రాజు ఏం దానమిస్తున్నట్టమ్మా?"

"ఏనుగు ఇస్తాడు. ఏనుగు బాగుంటుంది."

ఏనుగును ఇచ్చిన మాట నిజమే గాని అది అడవికి రాకముందని చెప్పబోయాడు. ఆవిడ అప్పటికే గొడుగు విప్పింది.

అన్నం ముందు కూర్చున్నా ఆయన గొణుగుడు ఆగలేదు. భార్య డా ఎయి మేకి విసుగొచ్చింది. "ఏమయ్యా, ఆవిడ తాగేది టీ. దాని మీద ఏదుంటే నీకేం? చేసి పారెయ్యరాదూ."

"కన్నబిడ్డల మీద కొమ్ము గుచ్చమంటావటే?"

ఆ పని ఆయన చెయ్యలేదు. పిల్లలున్న కెటిల్‌ను కొమ్ము అతకకుండా గిన్నెగానే బౌద్ధ విహారానికి ఇచ్చేసి, కొత్త కెటిల్ చుట్టూ ఒకదాని తోక ఒకటి పట్టుకున్న ఏనుగుల్ని చెక్కాడు. కథా లేదు, పాడూ లేదు. దొరసాని మురిసిపోయి, అడుగున ఆయన పేరు కూడా వెయ్యమంది. కోటకు చేసిన ఏ వస్తువు మీదా వేసుకోని పేరు. ఆవిడ కదలకపోయేసరికి పళ్లు కొరుకుతూ వేశాడు.

ఆ తర్వాత దండులో ఆడవాళ్లందరికీ ఏనుగులే కావాలి, అడుగున ఆ పేరే ఉండాలి. పక్కవీధి కంసాలులు కూడా తమ ఏనుగుల కింద 'హ్మైన్' అని చెక్కుతున్నారని డా ఎయి మే ఊగిపోయింది, వెళ్లి నిలదియ్యమంది.

"చెక్కుకోనీ" అన్నాడాయన, ఇంకో తొండం ఉబ్బించడానికి సుత్తి అందుకుంటూ. "ఈ కథ లేని ఏనుగులకు నాకు పడే తిట్లలో వాళ్లు కాస్త పంచుకుంటారు."