తాళాల గుత్తి అప్పగింత

మధ్యాహ్నం మూడింటికి ఆ ఇరవై అంతస్తుల ఆఫీసు భవనం కునుకు తీస్తుంది. నమ్మకపోతే కెమెరాల గదిలో కూర్చునే అమ్మాయిని అడగండి. ఆమె ముందు నలభై తెరలుంటాయి. భోజనాలు ముగించిన జనం ఆ తెరల్లో నీళ్ల అడుగున నడుస్తున్నట్టు మెల్లగా, చప్పుడు లేకుండా కదులుతుంటారు. అద్దాల గోడల్లోంచి పడ్డ ఎండ నేలమీద బద్ధకంగా జరుగుతూ లిఫ్టుల దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ వేళకి తాను మెలకువగా ఉందో కలగంటోందో ఆమెకే తెలియదు.

అలాంటి వేళే, నిన్నటి రికార్డు తిరగేస్తుంటే, పదకొండో అంతస్తు తెరలో పెదనాన్న కనిపించాడు.

పెదనాన్నంటే ఎవరనుకున్నారు! ఆ భవనం సెక్యూరిటీకి పెద్ద. అందరూ తాళాల పెద్దాయన అంటారు. ఇరవై ఆరేళ్ల సర్వీసు, ఇంకో ఐదు నెలల్లో రిటైర్‌మెంటు. ఆయన కాపలా ఉంటే చీమ కూడా సంతకం పెట్టి రావాల్సిందేనని నవ్వుకుంటారు. తండ్రి పోయాక ఆమెని తన ఇంట్లో పెట్టుకుని పెంచి, చదివించి, ఈ కుర్చీలో కూర్చోబెట్టింది ఆయనే. ఇప్పటికీ అందరిదీ ఒకే ఇల్లు.

తెరలో పెదనాన్న సర్వర్ల గది తలుపు తీశాడు. పక్కన ఒకడు చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. వాడి మొహం చూడగానే ఆమె గుర్తుపట్టింది. కంపెనీ ఫైళ్లు ఇంటికి మోసుకెళ్తూ దొరికిపోయి, రెండేళ్ల కిందట ఉద్యోగం ఊడినవాడు! వాడి కార్డు రద్దు చేసింది తనే. అయినా పెద్దాయన వెంట నడిచేవాణ్ని గేటు దగ్గర ఎవరాపుతారు? లోపల తొమ్మిది నిమిషాలున్నాడు. బయటికొచ్చేటప్పుడు జేబు ఎత్తుగా ఉంది. పెదనాన్న భుజం తట్టి మరీ సాగనంపాడు.

“బయటి దొంగయితే అద్దం పగలగొట్టాలి. లోపలి మనిషి నవ్వితే చాలు” అని కొత్తగా చేరిన ప్రతివాడికీ నూరిపోసేది ఈయనే. లోపలివాళ్ల మీద అనుమానమొస్తే, సొంతవాళ్లయినా సరే, ఆ రోజే రాసివ్వాలని రూలు పెట్టిందీ ఈయనే. మరి ఈయనకేం పోయేకాలం? అమ్ముడుపోయాడా? ఛీ ఛీ, ఏం మాట, అనుకుంది. అనుకున్నాక ఆ మాట మనసు వదిలి పోనంది. రాసిస్తే పెదనాన్న దొంగతో చేయి కలిపినవాడిగా ఈ గేటు దాటతాడు. రాయకపోతే తనే దొంగవుతుంది.

ఇంకేం చేస్తుంది, కిందికి దిగింది. తాళాల గదిలో కిటికీ పక్కన కూర్చుని పెదనాన్న ఓ పాత తాళం తుడుస్తున్నాడు.

“రామ్మా! తిన్నావా?”

“తిన్నాలే. నిన్న సర్వర్ల గది ఎవరికి తీశావు పెదనాన్నా?”

“మన పదకొండో అంతస్తు కంప్యూటర్లతనికి. కార్డు మర్చిపోయాట్ట. రోజూ చూసే మొహమేగా!”

“అతన్ని తీసేసి రెండేళ్లయింది.”

ఆయన చేతిలో గుడ్డ ఆగింది. “పోదూ, మొన్నటిదాకా కనిపించాడు” అని నవ్వాడు. ఆ నవ్వు నిజమో నటనో ఆమెకి అంతు చిక్కలేదు. దొరికిపోయినవాళ్లు సరిగ్గా ఇలాగే నవ్వుతారని ఆమెకి నేర్పింది కూడా ఆయనే.

“గుత్తి అప్పగించాలి పెదనాన్నా” అంది.

ఆయన గుడ్డ పక్కన పెట్టి గుత్తి చేతిలోకి తీసుకున్నాడు. కాదనలేదు. ఆ పద్ధతి కూడా ఆయన పెట్టిందే మరి. అప్పగించేవాళ్లు ఒక్కో తాళంచెవి పట్టుకుని అది ఏ తలుపుదో చెప్పాలి, తీసుకునేవాళ్లు రిజిస్టర్లో రాసుకోవాలి.

“రాసుకో. ఇది జనరేటర్ గది. ఇది డాబా మీద ట్యాంకుల గేటు, వానలకి బిగుసుకుంటుంది, కొంచెం పైకెత్తి తిప్పాలి. ఇది ఏడో అంతస్తు కరెంటు గది...”

జోలపాట పాడుతున్నట్టుంది గొంతు. ఆయన చెప్పిన తలుపు చెప్పినట్టే ఆమె కళ్లముందు తెరుచుకుంటోంది. చల్లటి నడవాలు, మెట్లు, ఎవరూ లేని గదుల్లో ఎండ. ఆ గదులన్నిట్లో ఆయన వెనకాలే నడుస్తున్నట్టుంది ఆమెకి. పది, పదిహేను, ఇరవై. ఒక్కటీ తప్పలేదు. ఇంత జ్ఞాపకం ఉన్నవాడు మనిషిని పనిలోంచి తీసేసిన సంగతి మర్చిపోతాడా? అయితే కావాలనే తలుపు తీశాడన్నమాట. అయ్యో పెదనాన్నా, ఎంత పని చేశావు!

బిల్డింగు తాళంచెవులు ఇరవై మూడూ అయిపోయాయి. గుత్తిలో ఇంకొకటి మిగిలింది, నీలం దారం చుట్టినది. ఆయన దాన్ని ఎండలోకి ఎత్తి, ఇటూ అటూ తిప్పి చాలాసేపు చూశాడు.

“ఇది మన బిల్డింగుది కాదమ్మా” అన్నాడు. “ఇంటి తాళంచెవిలా ఉంది. ఎవరో పారేసుకుంటే నా గుత్తికి తగిలించినట్టున్నారు. పాపం, వాళ్లు గుమ్మం బయటే నిలబడిపోయి ఉంటారు. ఎవరిదో కనుక్కుని ఇచ్చెయ్యి తల్లీ.”

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. ఆ దారం పెద్దమ్మ చుట్టింది, కిందటేడు, తన కళ్లెదుటే. అచ్చం అలాంటి తాళంచెవే తన సంచిలోనూ ఉంది.

దొంగ కాదు. పెదనాన్న దొంగ కాదు! ముందు వచ్చింది సంతోషమే. అలాంటి సంతోషం వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయి, రిజిస్టర్ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆయన కంగారుపడి లేచి వచ్చాడు. “ఊరుకో, ఊరుకో. తాళంచెవి కోసం ఎవరైనా ఏడుస్తారా? ఏం, ఇది నీదా?”

“మనదే పెదనాన్నా” అంది.