తెడ్లేసేదానికి కనిపించేది

“ఈసారి చేపలకి నువ్వు రానక్కర్లేదులే రాయిలీ. పక్కింటి ఎన్సియో మోటారు తెస్తున్నాడు, మన పడవకే బిగిస్తాం,” అన్నాడు నా మొగుడు తౌనో. బోర్లించిన పడవకి నేను తారు పూస్తున్నాను. చేతుల నిండా తారే, చెంప మీద కూడా. “నీ నడుం నొప్పి గొడవ వదిలింది. హాయిగా ఇంట్లో కూర్చుని పెనం వేడి చేసి పెట్టు. మోటారైతే సణగదు కూడా!” నాకేదో ఉపకారం చేసినట్టు నవ్వాడు.

మీరు మాత్రం నవ్వకండి. ఆ చలికాలమంతా నేను బతికింది ఈ ఒక్కదాని కోసమే. మా సరస్సు నవంబరులో గడ్డ కట్టిందంటే మే నెల దాకా వదలదు. పొద్దున బడి వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీయాలి. ఇంటికొచ్చాక అత్తగారి కాళ్ళకి కట్లు మార్చాలి, ఆవిడ మూత్రం కుండ పారబోయాలి, తౌనో తడి మేజోళ్ళు పొయ్యి దగ్గర ఆరేయాలి. మధ్యాహ్నం మూడింటికే చీకటి. ఆ చీకట్లో అంట్లు తోముతూ ఒకటే అనుకునేదాన్ని: మంచు పోతుంది, పైక్ చేపలు గుడ్లు పెట్టడానికి రెల్లులోకి వస్తాయి, మోకాలి లోతు నీళ్ళలో వాటి వీపులు తగిలి రెల్లు ఊగుతుంది. బాతు మూతి, నోటి నిండా పళ్ళు, మనిషి చేయంత పొడుగు. పదేళ్ళప్పుడు మొదటిదాన్ని నేనే పట్టాను. మా నాన్న నా చేతికి గాలమిచ్చాడు. పెళ్ళయ్యాక తౌనో తెడ్లు ఇచ్చాడు.

తెడ్లేసే మనిషి వెళ్ళే వైపుకి వీపు పెట్టి కూర్చోవాలి. ఎదురుగా, పడవ చివర, గాలం పట్టుకుని తౌనో. అంటే ఇరవై ఆరు వసంతాలు నేను చూసింది సరస్సుని కాదు, వాడి మొహాన్ని. “మెల్లగా. ఎడమకి. చెవుడా నీకు? ఎడమకి!” పదకొండు కిలోల పైక్‌తో వాడి ఫొటో పేపర్లో పడింది. మెడ తిప్పి, రెల్లు ఊగడం చూసి పడవ అటు తిప్పింది నేను. ఫొటోలో ఓ మూల నా మోచెయ్యి ఉంది. అప్పట్లో అత్తగారితో అంటే, “నేను నలభై ఏళ్ళు వేశానే తెడ్లు. చచ్చానా?” అంది.

ఇప్పుడు ఆ మోచెయ్యి కూడా అక్కర్లేదు. బ్రష్షు పడేసి మంచు మీదికి నడిచాను. నల్లబడి, మెత్తబడి, కుక్క కూడా కాలు పెట్టని మంచు. ఇరవై అడుగులు వేసేసరికి కుడి కాలు మోకాలి దాకా దిగిపోయింది. చలి కాదు, మంట. రెండో కాలు కూడా వేసేద్దామా అని అలాగే ఉండిపోయాను. అబద్ధమెందుకు, దేవుడూ గుర్తు రాలేదు, పిల్లలూ గుర్తు రాలేదు. ఆ కన్నంలోంచి వాసన వచ్చింది. బురద, రెల్లు వేళ్ళు, చేప. ఆ కింద అవి అప్పుడే కదులుతున్నాయి. నేను లేకుండానే వచ్చేస్తాయి, నేను లేకుండానే పోతాయి. కాలు పైకి లాక్కున్నాను.

తొమ్మిదో రోజు గాలి తిరిగింది. మంచంతా అవతలి ఒడ్డుకి కొట్టుకుపోయింది. తెల్లవారుతుండగా అటక మీంచి నాన్న గాలం దింపాను. అత్తగారి గది తలుపు తీసే ఉంది.

“ఎక్కడికే?”

“పైక్‌కి.”

“వాడింకా లేవలేదుగా. తెడ్లెవరు వేస్తారు?”

“నేనే.”

“మరి గాలం?”

“అదీ నేనే.”

“చిన్న దీవి వెనకాల చూడు,” అంది ముసలావిడ పైకప్పు చూస్తూ. “అక్కడ నీళ్ళు ముందు వేడెక్కుతాయి. మీ మామకి ఎప్పుడూ చెప్పలేదు.”

గాలం కర్ర తొడ కింద నొక్కిపెట్టి, తాడు నీళ్ళలోకి వదిలి, తెడ్లు అందుకున్నాను. యాభై గజాలు వెళ్ళానో లేదో తౌనో ఒడ్డుకి పరిగెత్తుకొచ్చాడు, ఒక కాలికే బూటు. పక్కన ఎన్సియో, మోటారుని చంటిపిల్లలా ఎత్తుకుని.

“రాయిలీ! వెనక్కి తే! దీన్ని దేనికి బిగించమంటావే?”

తెడ్లేసేదానికి వదిలొచ్చిన ఒడ్డే కనిపిస్తుంది. ఇరవై ఆరేళ్ళు రెండు గజాల దూరంలోనే ఉన్న మొహం, ఒక్కో తెడ్డుకీ కొంచెం కొంచెం చిన్నదవుతోంది.