వెలుగు ఎటునుంచి పడుతోంది

"నువ్వు దేన్నీ ఉన్నదున్నట్టు చూడవు కదా. అన్నిటికీ అనుమానమే నీకు," అన్నాడు భర్త, బాల్కనీ తలుపు మూస్తూ.

ఆమె అడుగంటిన పాలగిన్నె తోముతోంది. పాలు మాడడం తన తప్పే. పొయ్యి దగ్గర నిలబడి చూపు మాత్రం బాల్కనీ మీద పెట్టింది. అతను ఫోన్లో ఎవరితోనో మెత్తగా, నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆ గొంతు ఇంట్లో వాడేది కాదు. ఆమె తలుపు దాకా రాగానే "సరేనండీ, ఉంటాను మరి" అని పెట్టేశాడు. ఎవరని అడిగితే ఆఫీసువాళ్లన్నాడు. పొద్దున్నే ఆఫీసువాళ్లతో అంత నవ్వెందుకని ఆమె అడిగింది. అందుకే ఈ మాట.

"మా వాడి ఓపిక మెచ్చుకోవాలి," అంది అత్తగారు కుర్చీలోంచి, ఎవరూ అడక్కుండానే.

తమాషా ఏమిటంటే, ఆఫీసులో ఆమెకి జీతమిచ్చేదే అనుమానపడినందుకు. ఉపగ్రహాలు తీసిన ఫోటోలు చూసి, నేల మీద ఉన్నదేమిటో చెప్పడం ఆమె పని. చెరువులా కనిపించేది చెరువు కాకపోవచ్చు, పొలంలా కనిపించేది నిన్నటిదాకా అడవి కావచ్చు. నమ్మకుండా చూడడంలో ఆమెని మించినవాళ్లు లేరు కాబట్టి అక్కడ అందరూ ఆమెని భూతద్దం అంటారు. ఇంట్లో అదే గుణానికి పేరు వేరు.

ఆ వారం ఆఫీసంతా ఒక్క ఫోటో చుట్టూ మూగింది. బీడు నేల మీద గుండ్రటి మచ్చలు, వంకరటింకరగా మూడు వరసలు. సెక్షన్ పెద్ద (అందరికీ పెద్దాయన) చూడగానే ఎగిరి గంతేసినంత పనిచేశాడు. అవి పాతకాలపు సమాధుల గుట్టలట. తన పేరు నలుగురి నోళ్లలో పడే అదృష్టం ఇన్నాళ్లకి పట్టిందట. నేల మీదికి వెళ్లి చూసి రావడం ఒక్కటే మిగిలింది, అది కాగానే చుట్టూ కంచె వేయించేస్తానన్నాడు.

ఆమెకి మాత్రం ఆ గుట్టలు మింగుడుపడలేదు. అందరూ భోజనానికి వెళ్లినప్పుడు ఆ ఫోటోని బల్ల మీద పరిచి, తలకిందులుగా తిప్పి చూసింది. గుట్టలన్నీ ఒక్కసారిగా గోతులైపోయాయి. వాళ్ల పనిలో ఇది మొదటి వారంలోనే నేర్పే సంగతి. వెలుగు ఎప్పుడూ పైనుంచే పడుతుందని మన కన్ను నమ్ముతుంది. ఫోటోలో ఎండ కిందివైపునుంచి, అంటే దక్షిణంనుంచి, పడితే కన్ను మోసపోయి, గోతిని గుట్టగా చూపిస్తుంది. అందరికీ తెలిసిందే, అందరూ మర్చిపోయేదే. పెద్దాయన అయితే ఉత్తరం పైన ఉండాల్సిందేనంటాడు, ఫోటోని తిప్పినవాళ్లని తప్పు చేసినట్టు చూస్తాడు.

ఇంకా చూస్తే ఆ గోతుల్లోంచి సన్నటి కాలిబాటలు పక్కనున్న ఊళ్లోకి పోతున్నాయి. అన్నీ ఇళ్ల వెనకవైపుకే, ముందువైపుకి ఒక్కటీ లేదు. పొద్దున్నే వెనక గుమ్మంలోంచి పనికి బయల్దేరేది ఎవరో ఆమెకి ఒకరు చెప్పాలా? అది ఎండిన వాగు. ఆ గోతులు తాగేనీళ్ల కోసం ఆడవాళ్లు తవ్వుకున్నవి. కంచె వేస్తే వాళ్ల గొంతు తడిసే దారి ఉండదు.

పాలు మాడిన రోజే ఆ సంగతి పెద్దాయనకి చెప్పింది.

"గుమ్మాలు కూడా కనిపిస్తున్నాయామ్మా మీకు? వాటికి వేసిన రంగు కూడా చెప్పండి," అని నవ్వాడాయన. చుట్టుపక్కల బల్లలు కూడా నవ్వాయి.

"రేపు నేనూ వస్తాను సార్. వెళ్లి చూస్తే తేలిపోతుంది."

"మీకెందుకమ్మా శ్రమ. పైగా దారంతా మలుపులు. కారెక్కితే మీకు కడుపులో తిప్పుతుందిగా."

ఆమె రోజూ కిక్కిరిసిన బస్సులో వేలాడుతూ ఆఫీసుకొస్తుంది. కారులో కడుపు తిప్పింది ఒకే ఒక్క రోజు, కూతురు కడుపులో ఉన్నప్పుడు. ఆ రోజు పక్కనున్నది భర్తా, అత్తగారూ. ఈ ఆఫీసులో ఆ మాట ఎవరికీ చెప్పలేదు, చెప్పే సందర్భమూ రాలేదు.

"ఎవరు చెప్పారు సార్?"

"ఇంకెవరు, మీవారే. పొద్దున కూడా ఫోన్ చేశారు. క్యాంపు అన్నప్పుడల్లా చేస్తూనే ఉంటారు కదా. మీరు మొహమాటానికి సరేనంటారట, పంపొద్దని బతిమాలతారు. మీరంటే ప్రాణం ఆయనకి."

సీట్లోకి వచ్చి కూర్చుంది కానీ కళ్ల ముందు ఉన్న కంప్యూటర్ తెర కనిపించలేదు. క్యాంపుకి తన పేరు తీసేసినప్పుడల్లా ఇంటికెళ్లి భర్త భుజమ్మీద ఏడ్చింది. అతను తల నిమిరాడు. మీ ఆఫీసులో ఆడవాళ్లంటే అంతే అన్నాడు. వాళ్లతో పోట్లాడ్డానికి తనే వస్తానని కూడా అన్నాడొకసారి, ఆమే వద్దని ఆపింది. క్యాంపులు చెయ్యలేదు కాబట్టి ప్రమోషన్ రాలేదు, తన దగ్గర పని నేర్చుకున్నవాడు తన పైన కూర్చున్నాడు. ఆ రోజు భర్త మిఠాయి తెచ్చి నోట్లో పెట్టాడు. బంగారంలాంటి మొగుడంది అత్తగారు. ఎందుకు చేశాడో ఊహించడం కష్టం కాదు. ఆమె రెండు రోజులు ఊళ్లో లేకపోతే పాలు కాచేదెవరు, అత్తగారి మందులు చూసేదెవరు, పిల్లని బడికి తయారుచేసేదెవరు? వెళ్లొద్దని తనే అంటే చెడ్డవాడవుతాడు. పెద్దాయన చేత అనిపిస్తే మంచివాడుగానే ఉండొచ్చు, పైగా ఓదార్చొచ్చు. ఎంత నున్నగా చేశాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. దానికంటే ఎక్కువగా సిగ్గేసింది, ఆ భుజం మీద ఏడ్చినందుకు.

అయినా ఒక్క ఫోటోతో తేల్చేసే అలవాటు ఆమెకి లేదు. సాయంత్రం ఇంటికెళ్లి చెప్పులైనా విప్పకముందే భర్త ఎదురొచ్చాడు.

"పంపనన్నాడా? నాకు తెలుసు. వాళ్లంతే."

క్యాంపుకి అడుగుతానని నిన్న రాత్రి చెప్పిన మాట నిజమే, పంపనన్నారని మాత్రం ఆమె ఇంకా చెప్పలేదు.

"నాకు కారు పడదని ఎవరో చెప్పారట," అంది నెమ్మదిగా.

"ఎవరు చెప్పుంటారు?" అతని మొహంలో ఒక్క గీతైనా కదల్లేదు. "నీ మీద కుళ్లుతో మీ ఆఫీసులోనే ఎవరో. కాస్త జాగ్రత్తగా ఉండు అక్కడ."

"కారు పడకపోవడమేంటే?" అంది అత్తగారు. "అది కడుపుతో ఉన్నప్పటి మాట. వీడికీ నాకూ తప్ప ఎవరికి తెలుసని?"

భర్త టీవీ గొంతు పెంచాడు. ఆమె లోపలికెళ్లి సంచి సర్దుకుంది.

పొద్దున్న పెద్దాయన వచ్చేసరికి ఆఫీసు కారు ముందు సీట్లో ఆమె కూర్చుని ఉంది.

"అమ్మా, మీవారు..." అని నసిగాడాయన.

"ఆయనకి పడకపోతే ఆయన్ని రావద్దనండి సార్. నాకు బాగానే పడుతుంది."

డ్రైవరు నవ్వాపుకోలేక దగ్గాడు. పెద్దాయన మొహం ముడుచుకుని వెనక కూర్చున్నాడు. మలుపుల దారిలో కడుపు పట్టుకుని రెండుసార్లు కారాపించింది ఆయనే.

వాగు దగ్గర దిగేసరికి ఒక గోతిలోంచి నీళ్లబిందె పైకి వచ్చింది, దాని వెనకే ఒకామె తల. ఎవరు మీరు, ఎందుకొచ్చారని అడిగింది.

"పైనుంచి తీసిన ఫోటోలో ఇవి గుట్టల్లా కనిపించాయమ్మా," అన్నాడు పెద్దాయన.

"గుట్టలా?" ఆమె బిందె దించి ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఎవరికి?"

పెద్దాయన బూట్లకంటిన ఇసుక దులుపుకోవడం మొదలుపెట్టాడు. భూతద్దం గోతి అంచున కూర్చుని లోపలికి తొంగిచూసింది. అడుగున దోసెడు నీళ్లు ఊరుతున్నాయి. అప్పుడే ఫోన్ మోగింది.

"చెప్పకుండా వెళ్లిపోయావేంటి? ఎంత కంగారుపడ్డామో తెలుసా?" భర్త గొంతు మెత్తగా ఉంది. బాల్కనీలో విన్న గొంతే. "నిన్ను బలవంతంగా తీసుకెళ్లారా? అసలు ఆ పెద్దాయన్ని నాలుగు దులిపేస్తాను, ఉండు."

"మంచిది," అంది ఆమె. "నా పక్కనే ఉన్నారు. ఫోన్ ఇస్తున్నాను."