రెండో చెయ్యి

పన్నెండు గంటల డ్యూటీ చేసి కాళ్లు పీకేస్తుంటే, ఇంటికి పంపకుండా మమ్మల్ని తీసుకెళ్లి మీటింగ్ హాల్లో కూర్చోబెట్టారు. కొత్తగా పాసై వచ్చిన మిడ్‌వైఫ్‌లు ఒత్తిడికి తట్టుకోలేక మానేస్తున్నారట, వాళ్ల మనసు గట్టిపడేలా చెయ్యాలట. అందుకు టై కట్టుకున్నాయన ఒకడు వచ్చాడు. తెర మీద ఏవో బొమ్మలు వేసి, "కళ్లు మూసుకోండి, ఊపిరి మెల్లగా పీల్చండి, మెల్లగా వదలండి" అన్నాడు. నొప్పులు పడే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లుగా నేను చెబుతున్న ముక్కే అది! నాకే నేర్పుతున్నాడు మహానుభావుడు. మూసుకోమన్నాడు కదా అని మూసుకున్నాను. గురక పెట్టానని తర్వాత చెప్పారు.

క్లాసు అయ్యాక, బట్టలు మార్చుకునే గదిలో పిచ్చుక నా కోసం కాచుకుని ఉంది. ఆ పేరు పెట్టింది నేనే. బక్కపలచటి పిల్ల, తలుపు చప్పుడైనా ఉలిక్కిపడుతుంది. మా కాన్పుల వార్డులో చేరి ఏడు నెలలైంది.

"పెద్దక్కా, నెలాఖరుకు మానేస్తున్నాను. ముందు మీకే చెబుదామని ఆగాను."

నా ప్రాణం ఉసూరుమంది. రెండేళ్లలో ఇలా వెళ్లిపోయినవాళ్లు నలుగురు. ఇదీ పోతే వార్డులో మిగిలేది నేనూ, మోకాళ్లు అరిగిపోయిన నా ఈడు వాళ్లు ఇంకో ఇద్దరూ.

"ఏమే, డాక్టరమ్మ తిట్టిందా? తిడితే తిట్టింది, ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్. నేను తినని తిట్లా?"

"డాక్టరమ్మ కాదు."

"మరెవరు?"

తన చెప్పుల వంక చూస్తూ అంది, "మీరే."

తర్వాత ఆగకుండా చెప్పేసింది. "నేను ఎవర్ని చూసొచ్చినా, నా వెనకే వెళ్లి మీరూ చూస్తారు. గర్భం నోరు ఐదు సెంటీమీటర్లు తెరుచుకుందని నేనంటే, మీరు కూడా చేత్తో చూసొచ్చి, ఐదే, రాసుకో అంటారు. ఇప్పుడు ఎలా తయారైందంటే, ఇంకా చూస్తుండగానే, పెద్దక్క ఎంతంటుందో అని ఆలోచిస్తున్నాను. నా వేళ్లకేమీ తెలియట్లేదు. మీకు వెనకాల పేరు కూడా ఉంది తెలుసా? రెండో చెయ్యి. నాకు ముందు వెళ్లిపోయినవాళ్లు పెట్టారు."

నాకు ఒళ్లు మండిపోయింది. "అక్కడ పడుకున్నది మనిషే, బొమ్మ కాదు! నీ మొహమాటం చూసుకుంటూ కూర్చోనా?" అని కేకలేసి, సంచీ భుజాన తగిలించుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. నా వైపు మాట్లాడతాడనుకున్నాను. ఆయన ఆరిన బట్టలు మడతపెడుతూ, "నా పక్క సీట్లో కూర్చుంటే నువ్వు కాలితో బ్రేకు తొక్కుతావు. అక్కడ బ్రేకు ఉండదు, అయినా తొక్కుతావు. అన్నేళ్లు బస్సు నడిపినవాణ్ణి, నిన్ను ఎక్కించుకుంటే నాకు చేతులు వణుకుతాయి," అన్నాడు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే వింటావా?"

ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. ఒళ్లు హూనమైనా నిద్ర పట్టలేదు. వెళ్లిపోయిన ఆ నలుగురి మొహాలే కళ్ల ముందు మెదిలాయి. ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. రాజీనామా కాగితం మీద ఒత్తిడి అని రాసి, వెళ్లొస్తాం పెద్దక్కా అనేసి పోయారు. వాళ్లను తరిమింది నేనేనేమో అనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఒకామె రెండో కాన్పుకు వచ్చింది. పిచ్చుక పరీక్ష చేసి వచ్చి, "ఎనిమిది," అంది. అలవాటుగా నా చేతుల వంక చూసింది. నా చెయ్యి అప్పటికే గ్లవ్స్ డబ్బా మీదికి పోయింది. వెనక్కి లాక్కున్నాను.

"ఎనిమిదైతే ఎనిమిదని రాయి. డాక్టరమ్మకు కూడా నువ్వే చెప్పు."

అది ఎనిమిది కాదు. ముట్టుకోకుండానే నాకు తెలుసు. ఆ తల్లి నొప్పికీ నొప్పికీ మధ్య ఫోన్లో, పెద్దపిల్ల స్కూలు బూట్లు ఏ సైజు కొనాలో చెల్లెలికి చెబుతోంది. పది సెంటీమీటర్లు తెరుచుకుంటే బిడ్డ బయటికొచ్చే వేళే; ఎనిమిది దగ్గరున్న మనిషికి తన పేరే గుర్తుండదు, ఇంక బూట్ల సైజా!

బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది, తల్లీ కులాసాగానే ఉంది. పిచ్చుక తొందరపడి ఆమెను ముక్కమంటే మాత్రం వెంటనే ఆపుతాను, అంతవరకు నోరు విప్పను అనుకున్నాను. అనుకోవడం తేలికే. మడతపెట్టిన దుప్పట్లే మళ్లీ మడతపెట్టాను. తుడిచిన ట్రేనే మళ్లీ తుడిచాను. మధ్యలో డాక్టరమ్మ వచ్చి, "ఇంకా కాలేదా? మీరు చూశారా?" అని నన్నే అడిగింది.

"ఆ అమ్మాయి చూసింది," అన్నాను. ఆ ఒక్క మాట అనేసరికి నాకు చెమటలు పట్టాయి.

రెండు గంటలు గడిచాక పిచ్చుక మొహం చిట్లించింది. గ్లవ్స్ తొడుక్కుని మళ్లీ పరీక్ష చేసింది. చాలాసేపు చూసింది. ఈసారి నా వైపు తిరగలేదు.

"అమ్మా, ఇందాక నేను ఎక్కువ చెప్పాను. ఇప్పటికి ఏడే అయింది. ఇంకాస్త టైం పడుతుంది," అంది ఆ తల్లితో.

"నాకు తెలుసులేమ్మా, అసలు నొప్పులు ఇంకా మొదలవలేదుగా," అంది ఆ తల్లి.

తర్వాత పిచ్చుక డాక్టరమ్మకు ఫోన్ చేసింది. "తప్పు నాదే మేడం. ఇప్పుడు ఏడు. ఖాయంగా ఏడు." అవతలి తిట్లు ఇంత దూరానికి నాక్కూడా వినబడ్డాయి. పిల్ల మొహం కందిపోయింది, గొంతు మాత్రం వణకలేదు. చార్టులో పాత అంకె కొట్టేసి, పక్కన కారణం రాసి, తన సంతకం పెట్టింది.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే వార్డంతా అదిరేలా ఏడ్చింది.

అన్నీ సర్దేసి ఇద్దరం బల్ల మీద కూలబడ్డాం. నడుం నాది కానట్టుంది.

"అది ఎనిమిది కాదని మీకు ముందే తెలుసు కదా?"

"తెలుసు."

"మరెందుకు చెప్పలేదు?"

"చెప్పకుండా ఉండేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇంక ఎందుకు చెప్పలేదంటావేం!"

ఫక్కున నవ్వింది. ఈ ఏడు నెలల్లో దాని నవ్వు వినడం అదే మొదలు. కానీ వెంటనే నవ్వు ఆపేసింది. "రేపు కూడా ఇలాగే ఊరుకుంటారా?"

ఊరుకుంటాననాలని నోటిదాకా వచ్చింది. అబద్ధమాడే ఓపిక కూడా లేకపోయింది. "ఏమోనే. ముప్పై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే లేస్తుంది. లేస్తే మొహం మీదే అడుగు, నేనేమీ అనుకోను."

"నేను మళ్లీ తప్పు చెప్పొచ్చు."

"చెబుతావు."

"రేపైతే వస్తాను పెద్దక్కా. నెలాఖరు సంగతి అప్పుడు చూద్దాం."

ఇంతలో మూడో మంచం దగ్గర బెల్ మోగింది. పిచ్చుక లేచింది. దాంతోపాటే నేనూ లేచాను.

"మీరు కూర్చోండి," అంది, వెనక్కి తిరగకుండానే.

కూర్చున్నాను.